క్లోతార్ 1 వంశవృక్షం: పైన ఎక్కడ ఆపాలి, ఎవరి పిల్లలు ఎవరు?

చుక్కలగీత (ప్రశ్న; కింద జవాబుల పైన ఉన్నవి కూడా రాసినవారి మారుపేర్లే)

ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల రాజు క్లోతార్ 1 (మరణం 561) వంశవృక్షాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాను. పైకి తాతముత్తాతలు, కిందికి మనవళ్ల దాకా. నాలుగు చోట్ల బండి ఆగింది.

తండ్రి క్లోవిస్, తాత చిల్డెరిక్ వరకు ఎక్కడ చూసినా ఒకటే మాట. ఆ పైన మెరోవెక్, క్లోడియో, ఫారామండ్ అంటూ కొన్ని చార్టులు ఏకంగా గ్రీకు పురాణాల ట్రాయ్ నగరం దాకా వెళ్లిపోయాయి. ఎక్కడ కోసేయాలి?

క్లోతార్ భార్యల లెక్క ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. ఏ బిడ్డను ఏ తల్లి కింద పెట్టాలి?

గుంథ్యూక్ అనే ఆమె క్లోడోమెర్ భార్యగా ఒకసారి, క్లోతార్ భార్యగా ఇంకోసారి వస్తోంది. రెండు ఎంట్రీలూ కలిపితే సాఫ్ట్‌వేర్ హెచ్చరిక చూపిస్తోంది.

చివరిది: క్లోతార్ కూతురు బ్లిథిల్డ్ మీదుగా తర్వాతి వంశపు చక్రవర్తి షార్లమేన్ దాకా దింపిన చార్టులు చాలా కనిపిస్తున్నాయి. ఆ గీత పెట్టొచ్చా?

తూర్నే ఉంగరం

పైవరుస సంగతి చెబుతాను, మిగతావి ఎవరైనా అందుకోండి.

చిల్డెరిక్ దగ్గర గట్టి గీతే గీయండి. ఆయనకు పుస్తకాల సాక్ష్యమే కాదు, మట్టిలోంచి వచ్చిన సాక్ష్యం కూడా ఉంది. 1653లో ఇప్పటి బెల్జియంలో ఉన్న తూర్నే ఊళ్లో ఒక చర్చి పక్కన తవ్వుతుంటే ఆయన సమాధి బయటపడింది. అందులో బంగారు ముద్ర ఉంగరం ఒకటి. దాని మీద భుజాల దాకా జుట్టు వేలాడుతూ, చేత బల్లెం పట్టిన మనిషి బొమ్మ, చుట్టూ ‘చిల్డెరిక్ రాజుది’ అనే అర్థంలో లాటిన్ అక్షరాలు. ముద్ర కొట్టినప్పుడు సరిగ్గా పడేందుకు వాటిని తిరగేసి చెక్కారు. వందల కొద్దీ బంగారు తేనెటీగలు, రాశిగా నాణేలు కూడా దొరికాయి. నాణేల్లో చివరివి తూర్పు రోమన్ చక్రవర్తి జీనోవి (474–491). అంటే చిల్డెరిక్ 481 ప్రాంతంలో పోయాడన్న లెక్కకు అవి అడ్డు రావు. 1831లో పారిస్ గ్రంథాలయంలో దొంగలు పడి చాలా భాగం ఎత్తుకెళ్లారు. తేనెటీగల్లో రెండే మిగిలాయి. ఉంగరం పోయినా 1655లోనే అచ్చు వేసిన బొమ్మలు ఉన్నాయి కాబట్టి రాతను నేటికీ చదవగలుగుతున్నాం.

క్లోవిస్ తేదీలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఆయన గద్దె ఎక్కింది 481లోనా 482లోనా అనే గొడవ దానంతటదే తీరుతుంది. ఫ్రాంకుల చరిత్ర రాసిన తూర్ బిషప్ గ్రెగరీ (మరణం 594) చెప్పింది ఇంతే: క్లోవిస్ 30 ఏళ్లు ఏలాడు, 45 ఏళ్లు బతికాడు. మరణం 511 నవంబరు 27. వెనక్కి తీసేస్తే గద్దె ఎక్కింది 481, పుట్టింది 466. మొదటి ఏడాదిని కలుపుకుని లెక్కిస్తే 482. అందుకని ‘481/482’, ‘సుమారు 466’ అనే వేయండి. 466 అని ఒట్టి అంకె వేస్తే రేపు ఎవరో దాన్ని పుట్టిన తేదీగా ఎత్తి రాసేస్తారు.

తల్లి బసీనా. భర్త అయిన థురింగియా (ఇప్పటి జర్మనీలో) రాజు బిసినస్‌ను వదిలి చిల్డెరిక్ దగ్గరికి వచ్చిందని గ్రెగరీ కథనం. ఆమె తల్లిదండ్రులెవరో అందులో లేదు. కొన్ని చార్టుల్లో బిసినస్‌ను ఆమె తండ్రి గడిలో పెట్టేశారు, చూసుకోండి.

ఇక మెరోవెక్. గ్రెగరీ వాక్యంలో రెండు ముక్కలున్నాయి. క్లోడియో వంశం వాడు మెరోవెక్ అని ‘కొందరు అంటారు’, అతని కొడుకే చిల్డెరిక్. మొదటి ముక్కకు గ్రెగరీ పూచీ పడలేదు. పైగా ‘వంశం వాడు’ అన్నాడు గానీ ‘కొడుకు’ అనలేదు. కాబట్టి మెరోవెక్ నుంచి చిల్డెరిక్‌కు సన్నని గీత, క్లోడియో నుంచి మెరోవెక్‌కు చుక్కల గీత. 660 ప్రాంతంలో రాసిన ఫ్రెడెగార్ చరిత్రలో క్లోడియో భార్య సముద్రంలో స్నానం చేస్తుంటే ఓ సముద్ర మృగం ఎదురైందని, మెరోవెక్ ఆ మృగానికి పుట్టాడో భర్తకు పుట్టాడో అన్నట్టు కథ ఉంది. కథ బాగానే ఉంది గానీ దాన్ని తండ్రి గడిలో పెట్టలేం కదా. నోట్‌లో పడేయండి.

క్లోడియో ఉన్న మాట నిజం. కాంబ్రే పట్టుకుని సొమ్ నది దాకా వచ్చాడని గ్రెగరీ చెబితే, అతని మనుషుల మీద రోమన్ సేనాని ఏటియస్ పడిన సంగతి కవి సిడోనియస్ రాశాడు. ఫారామండ్ మాత్రం 727లో రాసిన ఒక ఫ్రాంకు చరిత్రలోనే తొలిసారి కనిపిస్తాడు, ట్రాయ్ కథతో కలిసి. క్లోడియో కాలానికి, ఆ రాతకు మధ్య దాదాపు మూడు వందల ఏళ్లు. అక్కడ కోసేయండి.

క్లోవిస్ పక్కన కూడా ఒక గుంట ఉంది. ఆయన చంపించిన కాంబ్రే రాజు రాగ్నకార్‌ను, అతని తమ్ముళ్లను గ్రెగరీ క్లోవిస్‌కు బంధువులంటాడు, ఏ వైపు బంధుత్వమో చెప్పడు. చార్టులు గీసేవాళ్లు ఊరుకోలేక వాళ్లను క్లోడియో కింద వేలాడదీస్తారు. విడిగా ‘బంధుత్వం తెలియదు’ అనే గుంపులో పెడితే సరిపోతుంది.

క్లోవిస్ సోదరి ఆడోఫ్లెడా మీద కూడా రెండు మాటలున్నాయి. ఇటలీ ఏలిన థియోడెరిక్‌ను పెళ్లాడిన ఆమెను చరిత్రకారుడు జోర్డానెస్ క్లోవిస్ కూతురంటాడు, గ్రెగరీ క్లోవిస్ సోదరి అంటాడు. పెళ్లి 493 ప్రాంతంలో. అప్పటికి క్లోవిస్‌కు 27 ఏళ్లు, పెళ్లీడు కూతురు ఎక్కణ్నుంచి వస్తుంది? సోదరి గడిలోనే పెట్టండి.

ఏడుగురు కొడుకులు

భార్యల సంగతి నేను చెబుతాను. ముందు క్లోతార్ సొంత అన్నదమ్ములను సరిచూసుకోండి, తప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. క్లోవిస్ కొడుకులు నలుగురు రాజ్యం పంచుకున్నారు. పెద్దవాడు థ్యూడెరిక్‌కు రాన్స్, క్లోడోమెర్‌కు ఓర్లియాన్, చిల్డెబర్ట్‌కు పారిస్, క్లోతార్‌కు సోయిసాన్. వీళ్లలో థ్యూడెరిక్ తల్లి క్లోటిల్డ్ కాదు, అంతకుముందున్న ఉపపత్ని. ఆమె పేరు ఎక్కడా లేదు. చాలా చార్టుల్లో నలుగురినీ ఒకే తల్లి కింద గుచ్చేస్తారు. అది తప్పని వయసే చెబుతుంది: 511లో క్లోవిస్ పోయేనాటికే థ్యూడెరిక్‌కు చేతికందిన కొడుకు థ్యూడెబర్ట్ ఉన్నాడు. క్లోటిల్డ్ పెళ్లి 490ల మొదట్లో. ఆమెకు అంత పెద్ద మనవడు ఉండే వీలే లేదు.

క్లోటిల్డ్ పిల్లలు వరుసగా ఇంగోమెర్ (బాప్తిస్మం తీసుకున్న వెంటనే పోయాడు), క్లోడోమెర్, చిల్డెబర్ట్, క్లోతార్. కూతురు పేరు కూడా క్లోటిల్డే, విసిగోత్ రాజు అమలారిక్‌కు ఇచ్చారు. ముగ్గురు అన్నల తర్వాత పుట్టాడు కాబట్టే క్లోతార్ పుట్టుకను ‘సుమారు 500’ అంటారు. అది కాగితం మీది తేదీ కాదు, లెక్క.

గ్రెగరీ క్లోతార్‌కు ఏడుగురు కొడుకులంటూ తల్లులవారీగా పంచి రాశాడు. ఇంగుండ్‌కు గుంథార్, చిల్డెరిక్, చారిబర్ట్, గుంట్రామ్, సిగెబర్ట్, కూతురు క్లోడోసిండ్. ఇంగుండ్ సోదరి అరెగుండ్‌కు చిల్పెరిక్. చున్సినాకు క్రామ్న్. ఈ పట్టికనే ముందు ఎక్కించండి.

అరెగుండ్ వ్యవహారం గ్రెగరీ మాటల్లోనే చదవదగ్గది. నా సోదరికి తగిన మొగుణ్ని చూడమని ఇంగుండ్ భర్తను అడిగింది. ఆయన వెళ్లి చూసొచ్చి, నాకంటే తగినవాడు కనబడలేదు, నేనే చేసుకున్నాను అన్నాడు. అంటే రెండు పెళ్లిళ్లూ ఒకే కాలంలో నడిచాయి. ఒకదానికి ముగింపు తేదీ వేసి రెండోది మొదలుపెడితే తప్పు రాసినట్టే. అరెగుండ్ పేరున్న ఉంగరం 1959లో సాన్-దెనీ చర్చి నేల కింద ఒక సమాధిలో దొరికింది, పేరు పక్కన అక్షరాలు ముడివేసి చెక్కిన, ‘రాణి’ అని చదవగలిగిన గుర్తు. ఎముకలను బట్టి మొదట 45 ఏళ్ల మనిషి అన్నారు, చిల్పెరిక్ వయసుతో అది పొసగలేదు. తర్వాతి పరీక్షల్లో 60 దాటిందని తేలాక చిక్కు విడిపోయింది. పాత పుస్తకాల్లో ఆ 45 ఇంకా తిరుగుతోంది, జాగ్రత్త.

పిల్లలు లేని భార్యలు ముగ్గురు. గుంథ్యూక్, అన్న క్లోడోమెర్ 524లో వెజెరోన్స్ యుద్ధంలో పోగానే క్లోతార్ చేసుకున్న వదిన. రాడెగుండ్, 531లో థురింగియా గెలిచినప్పుడు పట్టుకొచ్చిన రాజకుమార్తె. పెంచి పెళ్లాడాడు. ఆమె తమ్ముణ్ని చంపించాక వదిలి వెళ్లిపోయి పువాతియేలో మఠం కట్టుకుంది, 587లో పోయింది. వుల్డెట్రాడా, థ్యూడెరిక్ మనవడు థ్యూడెబాల్డ్ 555లో పోయాక అతని రాజ్యంతో పాటు క్లోతార్ చేతికి వచ్చిన వితంతువు. బిషప్పులు తప్పుపడితే బవేరియా డ్యూక్ గారిబాల్డ్‌కు ఇచ్చేశాడు. కొందరు ఆమెను భార్యల లెక్కలో వేస్తారు, కొందరు వేయరు. మీకు కనిపించిన తేడాలో సగం ఇదే. వేసి, ‘వదిలేశాడు’ అని నోట్ పెట్టడం మేలు. గారిబాల్డ్ వైపు నుంచి వెతికేవారికి గీత దొరుకుతుంది.

ఆమెతో ఇంకో మెలిక. వుల్డెట్రాడా లొంబార్డ్ రాజు వాకో కూతురు. ఆమె సోదరి విసిగార్డ్‌ను చేసుకున్నది థ్యూడెబాల్డ్ తండ్రి థ్యూడెబర్ట్. సోదరీమణులిద్దరూ తండ్రీకొడుకుల ఇంటికి వచ్చారన్నమాట. కానీ థ్యూడెబాల్డ్ తల్లి విసిగార్డ్ కాదు, డ్యూటీరియా. ఆ గడి తప్పితే అతను సొంత పిన్నినో పెద్దమ్మనో పెళ్లాడినట్టు పడుతుంది.

గడులు గీతలు

మూడో ప్రశ్నకు. గుంథ్యూక్‌కు ఒకే మనిషి ఎంట్రీ ఉండాలి, కుటుంబం ఎంట్రీలు మాత్రం రెండు: క్లోడోమెర్–గుంథ్యూక్, క్లోతార్–గుంథ్యూక్. రెండు మనిషి ఎంట్రీలను కలిపే ముందు ఫైలు నకలు తీసి పెట్టుకోండి. వచ్చేది హెచ్చరికే, తప్పు కాదు. ఒకే స్త్రీ ఇద్దరు అన్నదమ్ముల భార్యగా కనిపిస్తే ఇలాంటి సాఫ్ట్‌వేర్ అనుమానపడుతుంది. ఒప్పుకుని ముందుకెళ్లండి. ఇక్కడ మాత్రం ఒక మెట్టు ఆగాలి. క్లోడోమెర్ ముగ్గురు కొడుకులు థ్యూడోవాల్డ్, గుంథార్, క్లోడోవాల్డ్‌లను గుంథ్యూక్ కింద పెట్టే ముందు గ్రెగరీ వాక్యం చూడండి: వాళ్లను క్లోడోమెర్ కొడుకులనే అన్నాడు, తల్లి పేరు చెప్పలేదు. ‘తల్లి: బహుశా గుంథ్యూక్’ అని రాయడం న్యాయం.

ఆ పిల్లల్లో ఇద్దరిని క్లోతార్, చిల్డెబర్ట్ కలిసి చంపించినప్పుడు వయసులు 10, 7 అని గ్రెగరీ ఇచ్చాడు. తండ్రి 524లో పోయాడు కాబట్టి ఏడేళ్ల వాడు ఆలస్యంగా పుట్టాడనుకున్నా 525 దాటడు. అంటే హత్య 533 దాటదు. తేదీ గడిలో ‘534కు ముందు’ అని వేయండి. నాయనమ్మ క్లోటిల్డ్ ముందుకు కత్తెర, కత్తి పంపి, జుట్టు కత్తిరించమంటావా చంపమంటావా అని అడిగించారు. ఈ వంశంలో జుట్టు తీశారంటే రాజ్యం పోయినట్టే. మూడోవాడు క్లోడోవాల్డ్ తప్పించుకుని తన జుట్టు తానే కత్తిరించుకుని క్రైస్తవ మతగురువయ్యాడు. పారిస్ పక్కన సాన్-క్లూ ఊరు అతని పేరు మీదిదే.

తేదీలకు ‘ముందు’, ‘తర్వాత’, ‘సుమారు’, ‘మధ్య’ గుర్తులు ఉంటాయి, మొహమాటం లేకుండా వాడండి. క్యాలెండర్‌ను జూలియన్‌కు మార్చడం మరవద్దు.

పేర్ల గందరగోళానికి మందు: పేరు వెంట రాజధాని, మరణ సంవత్సరం చేర్చి రాయడం. ‘చిల్పెరిక్, సోయిసాన్, 584’ అంటే క్లోతార్ కొడుకు. క్లోటిల్డ్ తండ్రి కూడా చిల్పెరికే, బర్గండీ రాజు. అంటే ముత్తాత పేరు మునిమనవడికి వచ్చింది. గుంథార్‌లు ఇద్దరు, క్లోడోమెర్ కొడుకు ఒకడు, క్లోతార్ కొడుకు ఒకడు. సిగెబర్ట్ కూతురికి నాయనమ్మ ఇంగుండ్ పేరే పెట్టారు. చిల్పెరిక్ కొడుకు ఒకడు మెరోవెక్. అతను తండ్రి సోదరుడు సిగెబర్ట్ వితంతువు బ్రున్‌హిల్డ్‌ను చేసుకున్నాడు, కాబట్టి బ్రున్‌హిల్డ్‌కు కూడా గుంథ్యూక్ పద్ధతే. క్లోతార్ 1, 2 అనే అంకెలు తర్వాతి చరిత్రకారులు వేసినవి, వెతుకులాటకు పనికొస్తాయి తప్ప పాత రాతల్లో దొరకవు.

చుక్కలగీత

తూర్నే ఉంగరం గారూ, మెరోవెక్–చిల్డెరిక్ గీత సన్నగా ఎందుకు? గ్రెగరీ ‘కొడుకు’ అనే రాశాడన్నారు కదా.

ఇంకొకటి, గుండోవాల్డ్ అనే పేరు క్లోతార్ ఎనిమిదో కొడుకుగా కనిపించింది. ఏడుగురి లెక్కలో లేడే?

తూర్నే ఉంగరం

రాశాడు, నిజమే. కానీ అదే వాక్యం ‘కొందరు అంటారు’ తోనే మొదలైంది, ఆ మాట రెండో ముక్క దాకా పాకుతుందా లేదా అన్నది చదివేవారి మీద ఉంటుంది. చిల్డెరిక్‌కు ఉంగరం ఉంది, మెరోవెక్‌కు అలాంటిదేమీ లేదు. రెండు గీతలూ ఒకే లావుగా ఉంటే చూసేవారికి ఆ తేడా తెలియదు.

ఏడుగురు కొడుకులు

నేనైతే అక్కడ గట్టి గీతే గీస్తాను. గ్రెగరీ కాలానికే ఈ వంశం వాళ్లు తమ బిడ్డకు మెరోవెక్ అని పేరు పెట్టుకున్నారు. పూర్వీకుడు కాని వాడి పేరు రాజకుటుంబం ఊరికే పెట్టదు. ‘తూర్నే ఉంగరం’ గారు దీనికి ఒప్పుకోరని తెలుసు. మీ చార్టులో ఏ గీత ఎందుకు గీశారో నోట్ ఉంటే చాలు.

గుండోవాల్డ్‌ను అతని తల్లి క్లోతార్ కొడుకుగానే పెంచింది, జుట్టు పొడవుగా ఉంచింది. క్లోతార్ మాత్రం నా కొడుకు కాదని జుట్టు తీయించాడు. 580లలో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తిరిగొచ్చి రాజునని చాటుకున్నాడు, 585లో పైరనీస్ కొండల దగ్గర కొమ్మిన్జెస్‌లో చంపేశారు. చుక్కల గీత, ‘తండ్రి ఒప్పుకోలేదు’ అనే నోట్. పూర్తిగా తీసేయొద్దు, అతని వెంట నడిచిన పెద్దలు తక్కువేమీ కాదు.

కిందివైపు ఇంకో మాట. 577లో గుంట్రామ్ తన కొడుకులు పోయాక సిగెబర్ట్ కొడుకు చిల్డెబర్ట్ 2ను దత్తత తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ‘దత్తత’ అనే ఎంపిక ఉంటుంది. అది వాడకపోతే చిల్డెబర్ట్‌కు ఇద్దరు కన్నతండ్రులు పడతారు.

మెట్జ్ చిట్టా

బ్లిథిల్డ్ గురించి. ఆమెను తీసేయండి. ఏడుగురు కొడుకులనూ, కూతురు క్లోడోసిండ్‌నూ పేరుపేరునా రాసిన గ్రెగరీకి, ఆ కుటుంబంతో ముఖాముఖి పరిచయం ఉన్న మనిషికి, బ్లిథిల్డ్ అనే కూతురు తెలియదు. ఆమె పేరు 800 ప్రాంతంలో మెట్జ్‌లో తయారైన ఒక వంశావళిలో మొదలవుతుంది: అన్స్‌బర్ట్ అనే పెద్దమనిషి క్లోతార్ కూతురు బ్లిథిల్డ్‌ను చేసుకున్నాడు, వాళ్ల కొడుకు ఆర్నోల్డ్, అతని కొడుకు మెట్జ్ బిషప్ ఆర్నుల్ఫ్, అతని వంశంలోనే షార్లమేన్ అని. 780లలో అదే మెట్జ్ బిషప్పుల చరిత్ర రాసిన పాల్ డీకన్ ఆర్నుల్ఫ్ వంశాన్ని పొగిడాడు, ట్రాయ్ ముచ్చట కూడా తెచ్చాడు, బ్లిథిల్డ్ ఊసు ఎత్తలేదు. తెలిసి ఉంటే వదిలే మనిషా?

ఎవరికి అవసరమో చూస్తే విషయం తేటపడుతుంది. 751లో షార్లమేన్ తండ్రి పిప్పిన్, చివరి మెరోవింజియన్ (మెరోవెక్ పేరు మీద క్లోతార్ వంశానికి వచ్చిన పేరు) రాజు చిల్డెరిక్ 3 జుట్టు తీయించి మఠానికి పంపి గద్దె ఎక్కాడు. కొత్త వంశానికి పాత వంశపు రక్తం ఉందని చూపించుకోవడానికి ఒక రాజకూతురు కావలసి వచ్చింది. బ్లిథిల్డ్ ఆ ఖాళీలో సరిగ్గా సరిపోయింది.

షార్లమేన్ పైకి గట్టిగా నిలిచే వరుస ఇది: తండ్రి పిప్పిన్ (మరణం 768), తాత చార్లెస్ మార్టెల్ (741), ముత్తాత పిప్పిన్ (714), అతని తల్లి బెగ్గా, తండ్రి అన్సెగిసెల్. బెగ్గా తండ్రి ఇంకో పిప్పిన్ (640). తల్లి బెర్త్రాడా వైపు నుంచి క్లోతార్‌కు కలిపే ప్రయత్నాలూ జరిగాయి. ఆమె తండ్రి లాన్‌కు చెందిన కారిబర్ట్ వరకు కాగితం ఉంది, అక్కడి నుంచి మెరోవింజియన్‌ల దాకా వేసే వంతెన అంతా ఊహ.

క్లోతార్ నుంచి రుజువున్న గీతలు కావాలంటే రెండు పట్టుకోండి. మగ వరుసలో చిల్పెరిక్, అతని కొడుకు క్లోతార్ 2 (మరణం 629), అతని కొడుకు దాగోబర్ట్ (639). ఆ తర్వాతి రాజులంతా ఈ కొమ్మ వాళ్లే. సిగెబర్ట్ కొమ్మ రాజ్యం 613లో బ్రున్‌హిల్డ్‌తో పాటే ముగిసింది. ఆడ వరుసలో చారిబర్ట్ కూతురు బెర్తా. ఆమెను ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఎథెల్‌బర్ట్‌కు ఇచ్చారు. అక్కడి వంశవృక్షాలు గీసేవారు క్లోతార్ దాకా రావాలంటే వచ్చే దారి ఆమే, బ్లిథిల్డ్ కాదు.